అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న నాన్నకి ట్రెడ్‌మిల్ బదులు ఏ టెస్ట్?

నాన్నకి 67 ఏళ్లు, మోకాళ్లు అరిగాయి, ట్రెడ్‌మిల్ ఎక్కలేరు, దమ్ము ఎంతుందో ఎలా కొలవాలి అని అడిగాను కదా. మొత్తానికి ఆరు నిమిషాల నడక టెస్ట్ అయింది.

30 మీటర్ల వరండా, రెండు చివర్లా రెండు కోన్లు, అంతే. పరిగెత్తకూడదు, ఆయాసమొస్తే ఆగొచ్చు, కానీ గడియారం ఆగదు. మా నాన్న అలవాటు ప్రకారం ఫిజియో అమ్మాయిని "మీదే ఊరమ్మా?" అని పలకరించబోయారు. "నడిచేటప్పుడు మాట్లాడకూడదు బాబాయ్ గారూ" అంది. ఆ అమ్మాయి కూడా నిమిషానికోసారి "బాగా నడుస్తున్నారు, ఇంకా ఇన్ని నిమిషాలుంది" అని తప్ప ఇంకేం అనలేదు. ఎక్కువ ఉత్సాహపరిచినా దూరం మారిపోతుందట.

మొదటిసారి 384 మీటర్లు. అరగంట కూర్చోబెట్టి మళ్లీ నడిపిస్తే 411. దమ్ము పెరిగి కాదు, పద్ధతి అర్థమై. అందుకే రెండింట్లో ఎక్కువదే రాసుకున్నారు.

కామెంట్లలో స్టెప్ టెస్ట్ (మెట్టు ఎక్కి దిగి నాడి లెక్కపెట్టేది) చెప్పినవాళ్లకి: అదీ అడిగాను. మోకాళ్ల సంగతి అటుంచితే, నాన్న మెటోప్రోలాల్ వేసుకుంటారు. ఆ మాత్ర గుండె వేగాన్ని తొక్కిపెడుతుంది కాబట్టి, నాడి లెక్కతో ఫిట్‌నెస్ అంచనా వేస్తే ఉన్నదానికన్నా గొప్పగా కనిపించొచ్చు. ఇది నాకు అస్సలు తట్టలేదు.

చేతులతో తిప్పే సైకిల్ కూడా ఉందన్నారు గానీ, చేతుల కండరాలు చిన్నవి, కాళ్లతో వచ్చినంత అంకె రాదట. ప్రస్తుతానికి వద్దనుకున్నాం.

మూడు నెలల తర్వాత అదే వరండాలో మళ్లీ నడక. నాన్న అప్పుడే మేడ మీద టేపు పెట్టి కొలుస్తున్నారు.