7 గేర్ల ఎంటీబీ (కొండదారుల సైకిల్): వెనక చక్రం మళ్లీ ఫ్రీవీల్‌దే వేయాలా, క్యాసెట్ హబ్‌కి మారాలా?

ఎర్రమట్టి_బాట (వికారాబాద్):

అందరికీ నమస్తే. ఏడాది తిరక్కుండానే నా సైకిల్ వెనక ఇరుసు రెండోసారి వంగింది. మూడు పుల్లలు కూడా తెగినయ్, మూడూ చైను వైపువే. 27.5 అంగుళాల స్టీలు ఫ్రేము, వెనక 7 గేర్లు, మర మీద బిగించే పళ్ల చక్రాల గుత్తి, అదే ఫ్రీవీల్ (14 నుంచి 28 పళ్లు), డిస్క్ బ్రేకు, క్విక్ రిలీజ్ (పానా లేకుండా మీటతో చక్రం ఊడే ఏర్పాటు). నా బరువు 88 కిలోలు. వారానికి రెండుసార్లు అనంతగిరి అడవి దారుల్లో తొక్కుతా. గెంతులేం వేయను గానీ రాళ్లూ వేర్లూ తప్పవు.

షాపాయన అదే రకం చక్రం ఇంకోటి వేసుకొమ్మంటున్నడు, పదిహేను వందల్లో అయిపోతదట. ఒక దోస్తేమో క్యాసెట్ హబ్ (పళ్ల చక్రాలు జారి కూర్చునే చక్రం నడిమి భాగం) ఉన్న చక్రం వేసుకుంటే ఈ బాధే ఉండదంటడు. చక్రం, క్యాసెట్, చైను కలిపి దాదాపు అయిదు వేలు. మా అన్నకైతే అయిదేళ్ల సైకిల్ మీద అంత పెట్టడమే నచ్చలేదు, కొత్తది కొనుక్కొమ్మంటున్నడు. ఈ ఫ్రేముకు నా ఒళ్లు అలవాటైంది, వదలబుద్ధి కాదు. మీరైతే ఏం చేస్తరు, ఎందుకు?

పానా_పెట్టె (విశాఖ):

క్యాసెట్ హబ్బే వేయండి. ఎందుకో తెలియాలంటే పాత చక్రాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగు గుండ్లు లోపలే ఉండిపోతాయి, పుల్లల అంచు దగ్గర. దాని బయట ఏడు పళ్ల చక్రాల గుత్తి కూర్చుంటుంది. అంటే గుండ్ల దగ్గర్నుంచి ఫ్రేము దాకా మూడు సెంటీమీటర్లకు పైగా ఇరుసుకి కింద ఏ ఆధారమూ లేదు. మీరు రాయి మీంచి దిగిన ప్రతిసారీ దెబ్బ ఆ ముక్క మీదే పడుతుంది. పైగా క్విక్ రిలీజ్ కడ్డీ దూరాలి కాబట్టి ఇరుసు లోపల బోలు. 5 గేర్ల రోజుల్లో ఫ్రీవీల్ సన్నగా ఉండేది, చెల్లిపోయింది. 7 గేర్లకి వచ్చేసరికి ఆ ఖాళీ పెరిగింది. ఇరుసు మందం మాత్రం అదే 10 మిల్లీమీటర్లు.

క్యాసెట్ పద్ధతిలో టకటకలాడే రాట్చెట్ (తొక్కితే పట్టి, ఆపితే వదిలే భాగం) హబ్‌లోనే ఉంటుంది. పళ్ల చక్రాలు దాని గాడుల్లోకి జారి కూర్చుంటాయి, పైన లాక్ రింగు బిగిస్తాం. షిమానో రకం హబ్బుల్లో కుడివైపు గుండ్లు ఆ రాట్చెట్ భాగం బయటి చివరికి, అంటే ఫ్రేము పక్కకి వచ్చేస్తాయి. షిమానో దీన్ని 1978లోనే మార్కెట్లోకి తెచ్చింది. చవక సైకిళ్లకి ఇంకా పాత హబ్బే వేస్తున్నారంటే అది ధర కోసం తప్ప బలం కోసం కాదు. మీ బరువుకి, మీ దారులకి మళ్లీ అదే చక్రం వేయడమంటే మూడో ఇరుసుకి ఇప్పుడే డబ్బు కట్టినట్టు.

సీమ_తొక్కుడు (అనంతపురం జిల్లా):

నేను ఒప్పుకోను. పానా అన్న చెప్పిన లెక్క కాగితం మీద సరే. మా పక్క దారి మధ్యలో హబ్ చెడితే ఏం చేయాలో కూడా చెప్పాల. ఫ్రీవీలు, 10 మిల్లీమీటర్ల ఇరుసు, కోన్లు (గుండ్లని పట్టే నట్లు), గుండ్లు మండలంలో ఏ సైకిల్ షాపులో అడిగినా చేతికిస్తారు. క్యాసెట్ హబ్‌లో రాట్చెట్ భాగం పోతే? పేరున్న హబ్ అయితే 10 మిల్లీమీటర్ల అలెన్ కీతో ఊడదీసి వేరేది వేసుకోవచ్చు, అదీ కొరియర్లో తెప్పించుకుంటే. చవక క్యాసెట్ హబ్బులకి ఒకదాని భాగం ఒకదానికి కుదరదు, హబ్బంతా పారేయాల్సిందే. నాకు ఒకసారి అట్లే అయింది. మట్టి చేరి లోపలి పాలులు (తొక్కినప్పుడు పట్టుకునే చిన్న కొక్కేలు) జామ్ అయినాయి, పెడల్ తొక్కితే గాల్లో తిరిగింది. పద్నాలుగు కిలోమీటర్లు నెట్టుకుంటా ఇంటికి చేరినా. తరవాత మళ్లీ ఫ్రీవీలుకే వచ్చి మూడేళ్లయింది.

ఇరుసు వంగడం అంటావా తమ్ముడూ, నా బరువు 80. నాకు మూడేళ్లలో ఒక్కసారే వంగింది. నీకు ఏడాదిలో రెండుసార్లంటే హబ్ ఒక్కటే కారణం అనుకోవద్దు.

దారం_పట్టు (నిజామాబాద్):

ఆఖరి మాట దగ్గర నేను సీమ అన్నతో ఉంటాను. చక్రం కొనే ముందు ఫ్రేము చూడండి. ఇరుసు కూర్చునే రెండు కొక్కేలు, అదే డ్రాపౌట్లు, ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే క్విక్ రిలీజ్ బిగించినప్పుడల్లా ఇరుసు వంపులోకి వెళ్తుంది. అప్పుడు ఎంత మంచి ఇరుసైనా వంగుతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. తిన్నగా ఉన్న ఇరుసు ఒకటి తెచ్చి కుడి డ్రాపౌట్‌లో పెట్టి లోపలా బయటా నట్లు వేసి బిగించండి, ఎడమ వైపు వదిలేయండి. ఎడమ చివర రెండో డ్రాపౌట్ గాడి మధ్యకే రావాలి. పైకో కిందకో ముందుకో పోయిందంటే కుడిది వంకర. తర్వాత ఎడమదీ అలాగే చూడండి. ఇంకోటి: ముందు హెడ్ ట్యూబ్ చుట్టూ దారం వేసి రెండు కొసలూ వెనక డ్రాపౌట్ల దాకా బిగుతుగా లాగి కట్టండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం దూరం సమానంగా లేకపోతే వెనక భాగమే ఒక పక్కకి పోయినట్టు.

పుల్లలు ఎక్కడ తెగాయో కూడా చెప్పండి. హబ్ అంచు దగ్గర వంపులో తెగితే బిగుతు తక్కువై, తిరిగినప్పుడల్లా వదులవుతూ బిగుస్తూ అలసి తెగినట్టు. అలా కాకుండా పెద్ద పళ్ల చక్రం వెనక, పుల్ల మీద కోరిన గాటు దగ్గర తెగితే చైను ఎప్పుడో లోపలికి పడి కొరికింది. అదైతే ఆ వైపు పుల్లలన్నిటికీ గాట్లు పడే ఉంటాయి. కొత్త చక్రం వేసినా గేర్ లిమిట్ స్క్రూ (చైను మరీ లోపలికి పోకుండా ఆపేది) సరిచేయకపోతే అదే కథ మళ్లీ మొదలవుతుంది.

ఓజార్క్_తెలుగు (బెంటన్‌విల్, ఆర్కన్సా):

మా ఊళ్లో ఇంటి ముందు నుంచే ఎంటీబీ దారులుంటాయి, ఆఫీసులో తెలుగువాళ్లు చాలామంది తొక్కుతారు. ఇక్కడ ఫ్రీవీల్ హబ్ కావాలంటే వెతకాలి, మీ సీమ అన్న బాధకి సరిగ్గా తలకిందులు. కాబట్టి దొరకడం అనే వాదనను నేను తీసిపారేయను. ఎవరి ఊరు వాళ్లది.

నేనడిగేది ఒకటే: చైను కొలిచారా? ఉక్కు స్కేలు పెట్టి, బిగుతుగా ఉన్న చైను మీద ఒక పిన్ను మధ్య నుంచి 12 జతల లింకులు లెక్కపెట్టండి. కొత్త చైనుకి అది సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు. మీ 7 గేర్ల చైనుకి 307 దాటితే మార్చాల్సిన సమయం. 308 దగ్గరికొస్తే పళ్ల చక్రాలు కూడా అరిగిపోయాయని లెక్క. అరిగిన చైను మీద కొత్త క్యాసెట్ వేసినా, కొత్త చైను పాత ఫ్రీవీల్ మీద వేసినా నష్టమే. కొత్త చైను పాత పళ్ల మీద ఎక్కుడులో జారుతుంది, మోకాలు వెళ్లి హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. ఎందుకడుగుతున్నానంటే, చైను మార్చాల్సిందే అయితే అది రెండు లెక్కల్లోనూ పడుతుంది. అప్పుడు పదిహేను వందలకీ అయిదు వేలకీ మధ్య కనిపించే తేడా నిజం తేడా కాదు.

గాలి_గేరు (హైదరాబాద్):

క్యాసెట్‌కి వెళ్తే 7 దగ్గర ఆగడమెందుకు బ్రో? 8 గేర్ల క్యాసెట్ వేసేయ్, పాత షిఫ్టరే (హ్యాండిల్ మీది గేరు మీట) వాడుకో. ఒక గేరు వాడకపోతే పోయిందేముంది.

పానా_పెట్టె:

గాలి_గేరు గారూ, అలా తిప్పినవాళ్లున్నారు, పని నడుస్తుంది కూడా, కానీ సరిగ్గా నడవదు. 7 గేర్ల పళ్ల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు, 8 గేర్లకి 4.8. ఒక్కో నొక్కుకి 0.2 తేడా. ఆరు నొక్కులకి 1.2 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. మధ్య గేర్లలో సరిచేస్తే చివర్లలో గరగరమంటుంది.

ఆయనకి రెండు మంచి దారులున్నాయి. ఒకటి, 8/9/10 గేర్ల హబ్ మీద 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ (ఖాళీ నింపే రింగు) ముందు వేసి 7 గేర్ల క్యాసెట్. షిఫ్టరు, డిరెయిలరు (చైనుని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది), చైను రకం ఏదీ మారదు. స్పేసర్ మరిచిపోతే లాక్ రింగు బిగిసిపోయినట్టే ఉంటుంది గానీ క్యాసెట్ చేత్తో పట్టుకుంటే ఊగుతుంది, అది గాడుల్ని తినేస్తుంది. రెండోది, 8 గేర్ల క్యాసెట్‌తో పాటు కుడి షిఫ్టరు ఒక్కటి 8 గేర్లది. షిమానోలో 7, 8, 9 గేర్ల డిరెయిలర్లకి తీగ లాగుడు ఒకటే, కాబట్టి పాత డిరెయిలరే పనిచేస్తుంది. చైను కూడా 7, 8 గేర్లకి ఒకటే రకం.

హబ్ కొనేటప్పుడు మాత్రం 135 మిల్లీమీటర్ల వెడల్పు, క్విక్ రిలీజ్, హెచ్‌జీ (షిమానో మామూలు రకం) గాడులు అని అడిగి తీసుకోండి. 148 బూస్ట్, 142 త్రూ యాక్సిల్ అనే వేరే వెడల్పుల హబ్బులు మీ ఫ్రేములో కూర్చోవు. మైక్రో స్ప్లైన్, ఎక్స్‌డీ అన్నవి 10 పళ్లతో మొదలయ్యే ఖరీదైన క్యాసెట్ల కోసం, మీకు అక్కర్లేదు. రిమ్ము మీద 584 అని ఉండాలి, అదే మీ 27.5. డిస్కుకి ఆరు బోల్టులా సెంటర్‌లాకా (నడిమి రింగుతో బిగించేది) అన్నదీ చూసుకోండి, లేకపోతే పాత డిస్కు ఎక్కదు.

సీమ_తొక్కుడు:

చూసినావా తమ్ముడూ, ఒక చక్రానికి ఎన్ని షరతులో. ఫ్రీవీలు చక్రమైతే సైజు చెప్తే చాలు.

పానా_పెట్టె:

సీమ అన్నా, ఒక్క విషయం మీరూ ఒప్పుకోవాలి. చైను వైపు పుల్ల తెగితే ఫ్రీవీలైనా క్యాసెట్టైనా ఊడదీయకుండా కొత్త పుల్ల దూరదు. తొక్కేకొద్దీ ఫ్రీవీలు తనంతట తనే బిగుసుకుంటుంది. 88 కిలోల మనిషి రెండేళ్లు ఎక్కుళ్లు తొక్కిన ఫ్రీవీల్‌ని ఊడదీయాలంటే బెంచి వైసు కావాలి, లేదా మీటరు పొడవు పైపు. నేను రెండు టూళ్ల పళ్లు అరగ్గొట్టాను ఆ పనిలో. క్యాసెట్‌కి చైను విప్పు (chain whip, గుత్తి తిరక్కుండా పట్టే చైను ముక్క ఉన్న కడ్డీ) ఒకటి, లాక్ రింగు టూలు ఒకటి, మామూలు పానా. రెండు నిమిషాల పని. బిగించేటప్పుడు 40 న్యూటన్ మీటర్లు, చేతి లెక్కలో చెప్పాలంటే కరకరమని నాలుగైదు శబ్దాలొచ్చేదాకా గట్టిగా.

సీమ_తొక్కుడు:

అది ఒప్పుకుంటా. ఫ్రీవీలు ఊడదీయడం నరకమే. కానీ ఆ వైసు మా షాపులో ఉంది, నీ చైను విప్పు లేదు.

ఎర్రమట్టి_బాట:

అందరి మాటా విన్నా. ఆదివారం మొత్తం దీనికే కూర్చున్నా. దొరికింది చెప్తా.

చైను 308.5 వచ్చింది. ఓజార్క్ అన్న చెప్పినట్టే, ఫ్రీవీలు కూడా పోయినట్టు. పళ్లు చూస్తే ఒక పక్కకి వాలి సొరచేప రెక్కలెక్క అయినయ్. పదిహేను వందల లెక్క అక్కడే పోయింది. ఫ్రీవీల్ చక్రం, కొత్త ఫ్రీవీలు, చైను కలిపితే రెండువేల ఆరొందలు. క్యాసెట్ చక్రం, 12 నుంచి 32 పళ్ల 7 గేర్ల క్యాసెట్, చైను కలిపితే నాలుగువేల ఏడొందలు. తేడా రెండువేల వంద.

పుల్లల్లో రెండు వంపు దగ్గర తెగినయ్, ఒకటి గాటు దగ్గర. మిగిలిన చైను వైపు పుల్లలు వేలితో తడిమితే అయిదింటికి గాట్లు తగిలినయ్. పోయిన వానాకాలంలో చైను ఒకసారి లోపలికి పడింది, నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఇంక దారం అక్కా, మీరన్నది నిజం. కుడి డ్రాపౌట్ వంకరుంది. ఇరుసు ఎడమ చివర గాడి మధ్యకంటే నాలుగు మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. స్టీలు ఫ్రేము కాబట్టి షాపులో చల్లగానే మెల్లగా వంచి సరిచేసిన్రు. అల్యూమినియమైతే అట్ల వంచొద్దని షాపాయనే చెప్పిండు.

క్యాసెట్ చక్రమే తీసుకున్నా. ముప్పై రెండు పుల్లలు, డబుల్ వాల్ రిమ్ము. ఎక్కుడులో 28 నుంచి 32 పళ్లకి మారడం ఒళ్లుకి తెలుస్తది, ఆఖరి మలుపు దగ్గర ఇప్పుడు దిగి నడుస్తలేను.

దారం_పట్టు:

28కి కోసిన పాత చైను పొడవు పట్టుకుని కొత్తది కోయలేదు కదా? నాలుగు పళ్లు పెరిగితే దాదాపు ఒక అంగుళం ఎక్కువ కావాలి. ముందు పెద్దది వెనక పెద్దది మీద చుట్టి చూసుకోండి. లేకపోతే ఏదో ఒకరోజు పొరపాటున ఆ గేరులోకి వెళ్తే డిరెయిలర్ విరుగుతుంది.

ఎర్రమట్టి_బాట:

చుట్టి చూసినాకే కోసిన అక్కా. డిరెయిలర్ వెనక బి స్క్రూ (దాన్ని పళ్లకి దూరం జరిపేది) కూడా కొంచెం బిగించాల్సొచ్చింది, డిరెయిలర్ పైచక్రం 32 పళ్లకి రాసుకుంటుండె.

సీమ_తొక్కుడు:

తమ్ముడూ, నువ్వు రెండూ ఒకేసారి మార్చినావు, డ్రాపౌటూ సరిచేసినావు, హబ్బూ మార్చినావు. ఇప్పుడు ఇరుసు వంగకపోతే అది క్యాసెట్ గొప్పదనమని పానా అన్న అంటాడు. వంకర డ్రాపౌట్‌తో ఫ్రీవీలుని తప్పుపట్టడం న్యాయం కాదు.

పానా_పెట్టె:

అననులే అన్నా. డ్రాపౌట్ వంకర అని తెలిసి ఉంటే నేనూ మొదట అదే చెప్పేవాణ్ని. మొదటి మాటలోనే ఫ్రేము సంగతి అడగకపోవడం నా తప్పు. కానీ అదే వంకర డ్రాపౌట్‌లో క్యాసెట్ హబ్ ఉండుంటే ఇరుసు ఇంత తొందరగా వంగేది కాదని మాత్రం ఇప్పటికీ అంటాను. వేలాడే ముక్క పొట్టిది.

ఎర్రమట్టి గారూ, కొత్త చక్రం మొదటి వందా నూట యాభై కిలోమీటర్లలో పుల్లలు సర్దుకుంటాయి. ఒకసారి బెండు తీయించి బిగుతు చూపించండి. కుడివైపు పుల్లలు ఎడమకంటే బిగుతుగానే ఉంటాయి, వెనక చక్రానికి అది మామూలే, రెండూ సమానం చేయమని అడగొద్దు.

ఎర్రమట్టి_బాట:

నాలుగు వారాలైంది. బెండు తీయించిన. చక్రం ఊడదీసి ఇరుసు చివరని వేళ్లతో తిప్పి చూసిన, కొస ఊగుతలేదు. డిస్కు రాసుకునే చప్పుడు కూడా పోయింది, అది బ్రేకు తప్పనుకున్న ఇన్నాళ్లు, వంగిన ఇరుసుదన్నమాట.

పాత హబ్ పారేయలేదు. కొత్త ఇరుసు, కొత్త పుల్లలు వేయించి ఒక ఫ్రీవీలు బిగించి మా పక్కింటి పిల్లోడి సైకిల్‌కి ఇచ్చిన. ఆ పిల్లోడు 40 కిలోలుంటడు, రోడ్డు మీదే తొక్కుతడు.

సీమ_తొక్కుడు:

మంచి పని చేసినావు. ఆ పిల్లోని ఇరుసూ నీ ఇరుసూ ఆరు నెల్లకి మళ్లీ తిప్పి చూసి ఇక్కడే రాయి. అంతదాకా నా మాట మీద నేనుంటా.