ట్యూన్ చేయడం: తిప్పడమా, జరపడమా, శ్రుతి చేయడమా?

అందరికీ నమస్కారం, 'ట్యూన్ చేయడం' అన్నదానికి తెలుగు మాట దగ్గర ఆగిపోయా, సాయం కావాలి. నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటా, ఆదివారాలు టెర్రస్ మీద కూర్చుని ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రిసీవర్) రేడియో సిగ్నల్స్ పడుతుంటా. నిజానికి టీవీ చూడ్డానికి చేసిన డాంగిల్ అది, తిప్పే బటన్ ఏదీ ఉండదు, పైథాన్ స్క్రిప్ట్‌లో ఫ్రీక్వెన్సీ అంకె రాస్తే అక్కడికి పోతుంది. మా అక్క కొడుకు నేర్చుకుంటానంటే వాడికోసం స్క్రిప్ట్‌లో కామెంట్లన్నీ (ఏ లైను ఏం చేస్తుందో చెప్పే మాటలు) తెలుగులో రాస్తున్నా.

ముందు అన్నిచోట్లా 'శ్రుతి చేయడం' అనే రాశా (శృతి కాదండీ, శ్రుతే, వినడం అనే ధాతువులోంచి వచ్చింది). చదువుకుంటే నప్పలేదు, ఎందుకంటే అక్కడ జరిగే పనులు మూడు. ఒకటి, డాంగిల్ లోపలి ట్యూనర్ చిప్‌నే వేరే ఫ్రీక్వెన్సీకి పంపడం, అనంతపురంలో మా తాత "ముల్లు తిప్పురా" అనేవాడే, అదే ఇది. రెండు, చిప్‌ని కదపకుండా, వచ్చిన శాంపుల్స్‌లోనే (సిగ్నల్‌ని కొలిచిన అంకెల్లోనే) పక్కకి పోవడం. సెకనుకి 24 లక్షల శాంపుల్స్ తీస్తే 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు ఒకేసారి చేతికొస్తుంది, ఇక్కడ ఎఫ్ఎం స్టేషన్లు రెయిన్‌బో 101.3, వివిధభారతి 102.9, నేను 102.1 పెట్టుకుంటే రెండూ అందులోనే ఉంటాయి, లెక్కల్లో 0.8 అటో ఇటో జరిపితే చాలు. మూడు, క్రిస్టల్ (డాంగిల్‌కి ఫ్రీక్వెన్సీ కొలత ఇచ్చే ముక్క) తప్పు దిద్దడం. 50 పీపీఎం (పది లక్షలకి 50 వంతులు) తేడా ఉంటే 100 మెగాహెర్ట్జ్ దగ్గర 5 కిలోహెర్ట్జ్ పక్కకి పోతుంది.

మొదటి రెండిటికీ ఒకే మాట వాడితే నష్టం ఉంది. పోయినవారం చిప్‌ని 87.7 నుంచి 106.9 దాకా 2.4 చొప్పున తిప్పే లూప్ రాశా, 102.1 అయిపోయి 104.5కి పోగానే 105.3 దగ్గర పెద్ద సిగ్నల్ కనపడింది, విని చూస్తే అదే వివిధభారతి! చిప్ మారింది కానీ బఫర్‌లో (శాంపుల్స్ వచ్చి ఆగే చోట) పాత శాంపుల్స్ ఇంకా మిగిలున్నాయి. అందుకే చిప్‌ని తిప్పిన ప్రతిసారీ మొదటి బఫర్ పారేయాలి, లెక్కల్లో జరిపితే ఆ పని లేదు. రెండుచోట్లా 'ట్యూన్' అని రాస్తే పిల్లోడికి ఎక్కడ పారేయాలో ఎట్లా తెలుస్తుంది?

జవాబు: బాబూ, మాది మల్లేశ్వరం, పిల్లలకి వీణ చెప్తుంటాను. నీ మూడు పనులకీ మా దగ్గర మూడు మాటలున్నాయి. బిరడా తిప్పితే తీగ బిగువే మారిపోతుంది, అది నీ మొదటిది. వాయించేటప్పుడు తీగ బిగువు అట్లాగే ఉంటుంది, వేలు ఇంకో మెట్టు మీదికి పోతుంది, అది రెండోది, దానికి 'మెట్టు మారడం' అను. కచేరీకి ముందు తంబురాతో పట్టి చూసి వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా చేసుకునేదే శ్రుతి, అది మూడోదానికే చెందాలి, అన్నిటికీ పెట్టొద్దు.

నేను: అమ్మా, ఎంత బాగా చెప్పారు! మెట్టు అన్న మాట నాకసలు తట్టనే లేదు. ఒక్క డౌటు, డాంగిల్ వేడెక్కే కొద్దీ క్రిస్టల్ తేడా కూడా మారుతూ ఉంటుంది, మరి శ్రుతి ఒకసారి చేసి వదిలేస్తే ఎట్లా?

జవాబు: కొత్త తీగా అంతే నాయనా, వేసిన పూట జారుతూనే ఉంటుంది. కాసేపు కుదురుకోనిచ్చి అప్పుడు చెయ్యి, మధ్యలో జారిందనిపిస్తే మళ్ళీ సరిచూసుకో, మేమూ రెండు కీర్తనల మధ్య చూసుకుంటాం.

నేను: ఇప్పుడే మార్చేశానమ్మా. స్క్రిప్ట్‌లో వరసగా ఇట్లా ఉంది: "డాంగిల్ వేడెక్కాక శ్రుతి చెయ్. 102.1కి తిప్పు, మొదటి బఫర్ పారెయ్. మెట్టు మారి 102.9 విను." సాయంత్రం వాడికి పంపుతున్నా.