మాగిందా, మగ్గిందా, తేరిందా? ముదురు తోట జిన్‌ఫాండెల్‌కు సరిపడే క్రియాపదం

జిన్‌ఫాండెల్ కాలిఫోర్నియాలో పండే ఒక ద్రాక్ష జాతి; దానితో చేసే ఎర్ర వైన్‌కూ అదే పేరు. 'ఓల్డ్ వైన్ జిన్‌ఫాండెల్' అన్న మాటను తెలుగు లిపిలో రాసి చూడండి. ద్రాక్ష మొక్కకూ, ద్రాక్షరసం పులియబెట్టి చేసిన పానీయానికీ ఇంగ్లీషులో ఉన్న రెండు వేర్వేరు మాటలు మన లిపిలోకి రాగానే ఒకే 'వైన్'గా కలిసిపోతాయి. పాతది మొక్కా, సీసాలోని సరుకా అన్నది చదివేవారికి తెలిసే దారి ఉండదు. మన బృందంలోని ఒక సభ్యురాలు కాలిఫోర్నియా ద్రాక్షతోటల గురించిన కరపత్రం ఒకదానిని తెలుగులోకి తెస్తూ ఈ చిక్కు గమనించి, 'పాత తీగల జిన్‌ఫాండెల్ వయసు పెరిగేకొద్దీ మరింత రుచిగా మాగుతుంది' అని రాసి, ఇందులో 'పాత', 'తీగ', 'మాగు' అనే మూడు మాటలూ సరిపోయాయా అని అడిగారు. నా ఉద్దేశంలో మూడూ సరిపోలేదు. కారణాలు చెప్పాలంటే ఆ మొక్క ఎలా ఉంటుందో, ఆ వైన్ నోట్లో ఏం చేస్తుందో కొంత వివరంగా చెప్పక తప్పదు.

ముందు 'తీగ' సంగతి. మనకు ద్రాక్ష అనగానే పందిరి గుర్తుకొస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను రాతి కడీల మీద పందిళ్ళు వేసి పాకించారు కాబట్టి, ద్రాక్ష అంటే తలపైన అల్లుకుని గుత్తులు కిందికి వేలాడే తీగ అన్న బొమ్మ మన మనసుల్లో స్థిరపడిపోయింది. కాలిఫోర్నియాలోని సొనోమా, లోడై, అమడోర్ ప్రాంతాల్లోని పాత జిన్‌ఫాండెల్ తోటల్లో పందిరి ఉండదు. ఒక్కో మొక్క దేనికదే విడిగా, మోకాలి ఎత్తునో నడుము ఎత్తునో తొడంత లావు మొదలుతో, నాలుగు వైపులా పొట్టి చేతులు చాపి నిలబడి ఉంటుంది. చలికాలంలో కొమ్మలు కత్తిరించాక చూస్తే తోటంతా మోళ్ళు పాతినట్టు కనబడుతుంది. ఇటువంటి తోటలు చాలావరకు వర్షాధారం. కాంట్రా కోస్టా జిల్లాలోని ఇసుక నేలల్లో వేళ్ళను తినే ఫిలోక్సెరా పురుగు బతకలేదు కాబట్టి అక్కడి మొక్కలు కొన్ని అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీదే నిలిచాయి. అలాంటి మొక్కను 'తీగ' అంటే తెలుగు పాఠకుడు మల్లెతీగ వంటిదాన్ని ఊహించుకుంటాడు. 'మొదలు' అనడమే అక్కడి దృశ్యానికి దగ్గరగా ఉంటుంది.

ఇక 'పాత'. మన రైతులు కొబ్బరికైనా బత్తాయికైనా లేత తోట, ముదురు తోట అంటారు. వ్యవసాయ పత్రికలూ అవే మాటలు వాడతాయి. 'పాత తోట' అంటే మునుపు ఉండిన తోట అనో, వదిలేసిన తోట అనో కూడా అర్థం రావచ్చు. ముదురు తోట అంటే ఇప్పటికీ కాపు ఇస్తున్నదే, కాకపోతే కాపు తగ్గినది. జిన్‌ఫాండెల్ విషయంలో చెప్పదలచుకున్నది సరిగ్గా అదే: గుత్తులు తక్కువ, పండు చిన్నది, రసం చిక్కన. ఎన్నేళ్ళు దాటితే ముదురు అన్నదానికి అమెరికా చట్టంలో నిర్వచనం లేదు. ఎవరైనా సీసా మీది చీటీలో రాసుకోవచ్చు. 2011లో ఏర్పడిన హిస్టారిక్ వైన్‌యార్డ్ సొసైటీ అనే సంఘం మాత్రం తోట నాటి కనీసం 50 ఏళ్ళు కావాలనీ, ఇప్పుడు కాపు ఇస్తున్న మొక్కల్లో కనీసం మూడో వంతు ఆనాటివే అయి ఉండాలనీ ఒక హద్దు పెట్టుకుంది. సొనోమా లోయలో 1880లలో నాటిన మొక్కలు ఇంకా కాస్తున్నాయి. 1920 నుంచి 1933 వరకు సాగిన మద్యనిషేధాన్ని అవి దాటగలిగాయంటే, ఇళ్ళలో వైన్ చేసుకునే వారికోసం ద్రాక్షపండ్లను రైళ్ళలో తూర్పు రాష్ట్రాలకు పంపడం ముఖ్య కారణం. తరువాత 1970లలో మొదలైన తియ్యని గులాబీరంగు వైట్ జిన్‌ఫాండెల్‌కు గిరాకీ రాకపోతే ఆ మొదళ్ళను చాలామంది పెకలించి ఉండేవారు. ఎర్ర వైన్ ప్రియులు చిన్నచూపు చూసే ఆ తీపి పానీయమే ఎర్ర వైన్ ఇచ్చే తోటలను కాపాడింది!

అసలు చర్చ 'మాగు' దగ్గర ఉంది. అక్కడికి వెళ్ళేముందు ఈ ద్రాక్షకున్న ఒక వింత గుణం చెప్పాలి. జిన్‌ఫాండెల్ గుత్తిలోని గింజలన్నీ ఒకేసారి పండవు. ఒకే గుత్తిలో పచ్చి గింజ, దోర గింజ, పండిన గింజ, అప్పుడే ముడతలు పడి ఎండుద్రాక్షగా మారుతున్న గింజ పక్కపక్కనే ఉంటాయి. పిందె, కాయ, దోర, పండు అని మనం నిచ్చెనమెట్లలా చెప్పుకొనే దశలు అక్కడ ఒక్క కాడకే వేలాడుతుంటాయన్నమాట. అందువల్లే లేత జిన్‌ఫాండెల్‌లో ఒకే గుక్కలో పుల్లని కోరిందపండూ, పాకం పట్టిన నల్లపండ్ల తీపీ, మిరియాల ఘాటూ కలిసి వస్తాయి. ఎండిన గింజల చక్కెర కూడా పులిసి ఆల్కహాలుగా మారుతుంది కాబట్టి అది 14 శాతం దాటడం మామూలు, 15 కూడా అరుదు కాదు. ఇంగ్లీషులో దీన్ని 'జామ్ లాంటిది' అని సరిపెడతారు. మనకు 'పాకం' అన్న మాట చేతిలో ఉండగా జామ్ దాకా వెళ్ళనక్కరలేదని నా అభిప్రాయం.

దాని తరువాత నాలుకకు తగిలేది వగరు. నేరేడుపండు తిన్నప్పుడు మొదట తియ్యగా ఉండి, మింగిన తరువాత నాలుకా చిగుళ్ళూ ఆరిపోయి పట్టేసినట్టవుతుంది కదా, అదే. ఇంగ్లీషు వైన్ రచయితలు ఈ అనుభూతిని చెప్పడానికి తోలు, నూలు, పట్టు, ఇసుక అంటూ ఎన్నో పోలికలు వెతుక్కుంటారు. మనకు ఆరు రుచుల్లో అదొకటి. జామపిందె కొరికిన పిల్లవాడికి కూడా దాని పేరు తెలుసు. ద్రాక్ష తొక్కలోనూ లోపలి విత్తనంలోనూ ఉండే టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకోవడం వల్ల నోరు జారుడు కోల్పోతుంది. కరక్కాయలో ఉన్నదీ ఆ జాతి పదార్థమే. కలంకారీలో కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఇనుపనీళ్ళతో గీసిన గీత నల్లబడేది దాని వల్లనే. కాబట్టి టానిన్‌కు కొత్త మాట పుట్టించే పని మనకు లేదు.

మాగడమంటే ఏమిటి? చెట్టు నుంచి తెంపిన కాయ గడ్డిలోనో బుట్టలోనో ఉండి మెత్తబడి, పిండి చక్కెరై, తియ్యబడడం. మాగిన పండులో తీపి పెరగాలి. సీసాలో ఉన్న జిన్‌ఫాండెల్‌లో చక్కెర కొత్తగా పుట్టదు. నిజానికి అందులో మిగిలిన చక్కెరే బహు స్వల్పం. మనకు తీపిగా తోచేది పండిన పండు వాసనా, ఆల్కహాలూ కలిసి చేసే భ్రమ. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పండు వాసన తగ్గుతుంది కాబట్టి తీపి తగ్గినట్టే అనిపిస్తుంది. అంటే 'మాగింది' అన్నప్పుడు తెలుగు పాఠకుడు ఏది ఆశిస్తాడో, సీసాలో దానికి సరిగ్గా ఎదురు జరుగుతోంది. దీనికి తోబుట్టువైన 'మగ్గు' ఇంకా తమాషా అయినది. మామిడికాయలూ మగ్గుతాయి, ఖైదీలూ జైల్లో మగ్గుతారు. బిరడా బిగించి చీకటి గదిలో పడుకోబెట్టిన సీసాకు ఏ అర్థం వర్తిస్తుందో తీసి తాగేదాకా తెలియదు.

పోయిన చలికాలంలో ఫ్రీమాంట్‌లోని మా తమ్ముడి ఇంట్లో ఒకే తోటకు చెందిన రెండు సీసాలను పక్కపక్కన రుచి చూసే అవకాశం వచ్చింది. రెండూ సొనోమా జిల్లాలోని డ్రై క్రీక్ లోయవే. ఒకటి మూడేళ్ళది, ఇంకొకటి పదమూడేళ్ళది. పాతదాని బిరడా నా చేతకానితనం వల్ల సగంలో విరిగి, పొడి సీసాలో పడింది. మా మరదలు టీ వడగట్టే జాలీ తెచ్చి ఆదుకుంది. మూడేళ్ళది అంచుదాకా వంకాయ రంగు. పదమూడేళ్ళదాన్ని గ్లాసులో వంచి తెల్లకాగితం మీద చూస్తే నడుమ ఇంకా ఎరుపు ఉంది గాని అంచు ఇటుకరంగుకు తిరిగింది. వాసనలో నల్లపండ్ల పాకం లేదు. దాని స్థానంలో ఎండు అంజూరం, చల్లారిన డికాక్షన్, దేవదారు పెట్టె మూత తీసినప్పటి వాసన వచ్చాయి. నాలుక మీద పులుపు కొత్తదానిలో కంటే స్పష్టంగా తెలిసింది. వగరు పోలేదు; పట్టేయడం మానేసి, ఒకసారి నిమిరి వెళ్ళినట్టు ఉంది. సీసా అడుగున మాత్రం వేలెడు మందాన మడ్డి.

ఆ మడ్డి చూశాకే నాకు మన మాట దొరికింది. ఎర్రరంగు నిచ్చే పదార్థాలూ టానిన్లూ ఏళ్ళ తరబడి ఒకదానికొకటి ముడిపడి, బరువెక్కి, కరిగి ఉండలేక అడుగుకు దిగుతాయి. రంగు పలచబడడమూ, వగరు నెమ్మదించడమూ, మడ్డి పేరడమూ చాలావరకు ఒకే పనికి మూడు ముఖాలు. తెలుగులో మురికినీరు నిలిచి అడుగుకు మట్టి దిగాక పైది తేట అవుతుంది. ఆ జరగడాన్ని తేరడం, తేరుకోవడం అంటాము. జబ్బు నుంచీ దుఃఖం నుంచీ తేరుకోవడమూ ఆ మాటే. పదేళ్ళ కిందట పాకమూ ఘాటూ వగరూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండిన వైన్ ఇప్పుడు కుదుటపడిందని చెప్పడానికి ఇంతకంటే తగిన క్రియ నాకు కనబడలేదు. పాత సీసాను మెల్లగా వంచి పైదాన్ని వేరే పాత్రలోకి తీయడానికి కూడా 'తేట వంచడం' అన్న మాట సిద్ధంగా ఉంది. కొత్త మాట అక్కరలేదు.

అన్ని జిన్‌ఫాండెల్‌లూ ఇలా తేరవు. ఎక్కువ వాటిని అయిదారేళ్ళ లోపు తాగేయడమే మంచిదని నేను అనుకుంటాను. బాగా పండించి 16 శాతం దగ్గరకు తెచ్చిన వాటిలో పండు వాసన వెలిసిపోయాక ఆల్కహాలు మంట ఒక్కటే మిగులుతుంది, ఎందుకంటే సీసాలో ఆల్కహాలు తగ్గదు. పాతకాలపు తోటల్లో జిన్‌ఫాండెల్ మధ్య పెటిట్ సిరా, కారిన్యాన్, అలికాంట్ బూషే అనే వేరే ద్రాక్ష జాతుల మొక్కలను కలిపి నాటేవారు. మొదటిది వగరునూ, రెండవది పులుపునూ, మూడవది రంగునూ ఇస్తాయి. ఎక్కువ కాలం నిలిచేవి సాధారణంగా అటువంటి మిశ్రమ తోటల సీసాలే. రిడ్జ్ అనే వైన్ తయారీ సంస్థ వారు 1966 నుంచి చేస్తున్న గైజర్‌విల్ అనే వైన్ ఇందుకు పేరుపడింది. జాతి పేరు చీటీ మీద వేయాలంటే అది 75 శాతం ఉండాలన్న నియమం వల్ల, మిశ్రమంలో జిన్‌ఫాండెల్ వాటా తగ్గిన సంవత్సరాల్లో ఆ సీసాను జిన్‌ఫాండెల్ అన్న పేరుతో అమ్మడానికి వీలుండదు.

వ్యాఖ్యలకు జవాబులు

'కల్లు పొద్దున తియ్యగా, సాయంత్రానికి పుల్లగా అవుతుంది. నిలవ ఉంచితే బాగుపడే మత్తుపానీయం మన అనుభవంలో లేదు కదా, పాఠకుడు ఎలా నమ్ముతాడు?' అని ఒకరు రాశారు. కల్లు విషయంలో మీ మాట నిజమే. అది పులియడం ఆగదు, గాలి తగలడమూ ఆగదు. కానీ నిలవ ఉంచితే బాగుపడే తిండి మనకు కొత్తేమీ కాదు. పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుందని ఎక్కువ ధర పెట్టి కొంటాము. ఏడాది దాటిన చింతకాయ తొక్కు నల్లబడి, పులుపులోని పదును తగ్గి ఉంటుంది. పథ్యానికి అదే అడుగుతారు. అయినా 'పాత చింతకాయ పచ్చడి' అన్న జాతీయాన్ని మాత్రం తీసిపారేయడానికే వాడతాము. అలవాటుగా తినేదాన్ని నుడికారంలో ఇంత అన్యాయంగా చూసిన జాతి మరొకటి ఉందా అని అనుమానం.

'కావ్యపాకాలలో ద్రాక్షాపాకం, నారికేళపాకం అంటారు కదా, వాటిని ఇక్కడ వాడలేమా?' అని మరొకరు అడిగారు. ద్రాక్షాపాకమంటే నోట్లో వేసుకోగానే రసం అందేది. లేత జిన్‌ఫాండెల్‌కు అక్షరాలా సరిపోతుంది. తేరినదానికి నారికేళపాకం కొంత ఎక్కువ. పెంకు పగలగొట్టేంత శ్రమ అందులో లేదు, నా బిరడా సంగతి పక్కన పెడితే. తొక్క ఒలుచుకోవలసిన కదళీపాకం దగ్గర ఆగవచ్చు.

'ముదురు అంటే నార పట్టిన బెండకాయ గుర్తుకొస్తుంది, పైగా మనిషిని ముదురు అంటే తిట్టు' అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే 'ముదురు' ఒక్కటే కాక 'ముదురు తోట' అని జంటగా వాడితే ఆ దోషం రాదు. పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. 2001లో క్రొయేషియా తీరంలోని ఒక చిన్న తోటలో దొరికిన ద్రాక్ష జన్యుపరీక్షలో జిన్‌ఫాండెల్‌తో సరిపోయింది. దక్షిణ ఇటలీ ప్రిమిటీవో కూడా ఇదే. క్రొయేషియాలో దీని పాత పేరు ట్రిబిద్రాగ్. గ్రీకు మూలమున్న ఆ పేరుకూ, లాటిన్ మూలమున్న ప్రిమిటీవోకూ ఒకే అర్థం: ముందుగా పండేది.

ఇక వాక్యం. నేనైతే ఇలా రాస్తాను: 'ముదురు తోటల జిన్‌ఫాండెల్ కొత్తగా ఉన్నప్పుడు పాకంలా చిక్కగా, మిరియాల ఘాటుతో, నేరేడు వగరుతో ఉంటుంది, మంచి సీసా అయితే పదేళ్ళకు వగరు మడ్డిగా దిగి, పండు వాసన ఎండుపండు వాసనగా మారి, తేరుకుంటుంది.' కరపత్రంలో అంత చోటు లేదని సభ్యురాలు అంటున్నారు. అలాగైతే చివరి నాలుగు మాటలు ఉంచి, నేరేడును మాత్రం తీసేయకండి.