‘ఉండ కట్టడం’ శాస్త్రానికి పనికిరాదా?

పాలిమర్ నానోకాంపోజిట్ల మీద, అంటే ప్లాస్టిక్‌లాంటి పాలిమర్‌లో నానోమీటర్ల సైజు కణాలు కలిపిన పదార్థాల మీద, ఒక పాఠం తెలుగు చేస్తున్నాను. పాలిమర్, నానో అలాగే ఉంచేశాను, వాటితో నాకు గొడవ లేదు. చిక్కంతా అగ్లామరేషన్ దగ్గర వచ్చింది. నాకంటే ముందు ఈ పని చేసినాయన ‘కణ సముచ్చయనం’ అని రాశారు. నేను కొట్టేసి ‘ఉండ కట్టడం’ అని పెడితే, పాఠానికి తగిన మాట కాదని వెనక్కి పంపారు.

జరిగేది అదే కదండీ! మెత్తటి పొడిని చిక్కటి ద్రవంలో వేస్తే విడివిడిగా సర్దుకోకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉండ అవుతుంది, పైన తడుస్తుంది, లోపల పొడిగానే ఉండిపోతుంది. ఎపాక్సీలో (జిగురులా ఉండి గట్టిపడే పాలిమర్) కార్బన్ నానోట్యూబులు (కార్బన్‌తో అయిన అతిసన్నని గొట్టాలు) చేసేదీ ఇదే. ఉండ కట్టిన చోట బలం రాదు సరికదా, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. అవే ట్యూబులు బాగా విడిపోతే, బరువులో 1 శాతం కూడా లేకపోయినా, కరెంటు పారని ఎపాక్సీలో కరెంటు పారిస్తాయి. ‘సముచ్చయనం’ అంటే చదివేవాడికి ఇదేదో మంచి పనే అనిపించదూ?

జవాబు: ఉండ కట్టడానికి నా ఓటు. మరి కాంపోజిట్‌కి ఏం పెట్టారు? మిశ్రమం చాలదా?

చాలదండీ. మిశ్రమం అనగానే మిశ్రమలోహం గుర్తొస్తుంది, సమ్మేళనం అంటే రసాయన చర్య జరిగిందనుకుంటారు. ఇక్కడ రెండూ కలుస్తాయి గానీ ఒకదాన్లో ఒకటి కరగవు, దేని రూపు దానిదే. ‘సంయుక్త పదార్థం’ అని పెట్టాను. గొప్పగా ఏం లేదు, ఒప్పుకుంటాను.

ఇంకొకరి జవాబు: మా ల్యాబ్‌లో ఎక్స్‌ఫోలియేషన్‌ని ‘పొరలు విడిపోవడం’ అనే అంటాం, ఇంటర్‌కలేషన్ అంటే ‘పొరల్లోకి దూరడం’. మాంట్‌మోరిలొనైట్ అనే బంకమట్టి అభ్రకంలాగే పొరలు పొరలుగా ఉంటుంది, ఒక్కో పొర మందం దాదాపు 1 నానోమీటరు. పొరలన్నీ విడదీస్తే ఒక్క గ్రాము మట్టికి 700 చదరపు మీటర్ల పైచిలుకు ఉపరితలం వస్తుంది. 1980ల చివర్లో టొయోటా పరిశోధకులు చేసింది ఇదే. నైలాన్-6కి ముడిసరుకైన కాప్రోలాక్టమ్‌ని ఆ పొరల్లోకి దూర్చారు, అది అక్కడే పాలిమర్‌గా మారుతూ పొరల్ని దూరదూరంగా తోసేసింది. 5 శాతం లోపు మట్టితోనే, బరువు మోస్తూ వేడికి వంగిపోయే ఉష్ణోగ్రత 65 డిగ్రీల నుంచి 140 దాటింది. తర్వాత ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ కవరు దాంతో చేశారు. దూరి ఆగిపోతే ఇంత ఫలితం రాదు, విడిపోవాలి. అందుకని రెండిటికీ ఒకే మాట పెట్టకండి.

చాలా థాంక్స్, నేను రెండిటికీ ‘పొరల విభజన’ అనే రాసేశాను! ఇప్పుడే మారుస్తా. అన్నట్టు ఈ మట్టి నానితే బాగా ఉబ్బుతుందట, నానోకీ నానడానికీ చుట్టరికం కలిపేద్దామా అనుకున్నాను గానీ, నానో గ్రీకులో మరుగుజ్జు.

ఇంకొక్కటి మిగిలింది. డిస్పర్షన్‌కి, అంటే కణాలు ఉండ కట్టకుండా ద్రవమంతా విడివిడిగా సర్దుకోవడానికి, ఏం పెట్టమంటారు? విక్షేపణం కాంతికి పోయింది, వ్యాపనం డిఫ్యూజన్‌కి పోయింది. పరుచుకోవడం అంటే నేల మీద పరిచినట్టు ఉంటుంది, ఇక్కడేమో ద్రవం లోపలంతా జరగాలి. ‘చెదరడం’ పెట్టి చూశాను, ఏదో పాడైనట్టు వినిపిస్తోంది.