ఒంటి మీద దెబ్బే లేకపోతే హంతకుడు ఎలా దొరికాడు?

తణుకు శ్రీను:
ఏలూరు సైనైడ్ ప్రసాదం కేసు గుర్తుందా అండీ, 2019 నవంబరులో ఒకణ్ణి అరెస్టు చేశారు. ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఇరవై నెలల్లో 10 మందిని చంపాడని పోలీసులు చెప్పారు. బంగారం రెట్టింపవుతుందని, రైస్ పుల్లింగ్ నాణెం (బియ్యపు గింజల్ని లాగుతుంది, అదృష్టం తెస్తుంది అని చెప్పి మోసగాళ్ళు అమ్మేది) ఇస్తానని నమ్మించి ప్రసాదంలో సైనైడ్ కలిపి పెట్టాడట. ఒంటి మీద దెబ్బ లేదు కాబట్టి మామూలు చావే అనుకుని కొన్ని ఇళ్ళల్లో అంత్యక్రియలు కానిచ్చేశారు. మరి దహనం అయిపోయాక ల్యాబ్ వాళ్ళు ఏం తేల్చగలరు?

కాకినాడ ల్యాబ్:
దహనం అయ్యాక సైనైడ్ దొరకదండీ. అక్కడ దారి చూపించింది చివరి చావు. ఏలూరాయన డబ్బు, బంగారం పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరారు, చనిపోయాక అవి కనబడలేదు. దాంతో ఇంట్లోవాళ్ళకి అనుమానం వచ్చింది, పోలీసులు కాల్ లిస్టు తీశారు, అక్కడి నుంచి వెనక్కి వెళ్తే పాత చావులు వరసగా బయటపడ్డాయి. పోస్ట్‌మార్టం జరిగితే మాత్రం కడుపు, అందులో ఉన్నది, కాలేయం, కిడ్నీ ముక్కలు తీసి చిక్కటి ఉప్పునీళ్ళ సీసాల్లో పెట్టి సీలు వేసి మాకు పంపుతారు, విసెరా అంటాం. ఫార్మలిన్ (శవాలు కుళ్ళకుండా వాడే మందు) పోస్తే సైనైడ్ పరీక్ష చెడిపోతుంది. అసలే ఆవిరైపోయే రకం, ఆలస్యమైన కొద్దీ దొరకడం కష్టం. చేదు బాదం వాసన అంటారు గానీ కొంతమందికి పుట్టుకతోనే ఆ వాసన తెలియదు, అందుకని డాక్టరుగారి ముక్కుని నమ్ముకుంటే కుదరదు.

అమలాపురం లక్ష్మి:
అదే ఏడాది అక్టోబరులో కేరళ కూడత్తాయి సైనైడ్ హత్యల కేసు కూడా బయటపడింది. 2002 నుంచి 2016 దాకా కుటుంబంలో, బంధువుల్లో ఆరుగురు పోయారు. 2011లో పోయినాయనకి పోస్ట్‌మార్టం చేస్తే సైనైడ్ తేలింది, ఆత్మహత్య అని వదిలేశారు. ఏళ్ళ తర్వాత పోలీసులకి ఆ రిపోర్టే ఆధారమైంది. సమాధులు తవ్వి తీసిన నలుగురి అవశేషాల్లో ల్యాబ్‌కి విషం కనబడలేదు. మిగతావాళ్ళకి కూడా అప్పుడే పరీక్ష చేయించి ఉంటే ఎంతమంది బతికేవారో అనిపిస్తుంది నాకు.

భీమవరం రాజు:
డీఎన్ఏ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండు లెస్టర్ దగ్గర 1983లో ఒకమ్మాయిని, 1986లో ఇంకో అమ్మాయిని చంపారు, ఇద్దరికీ పదిహేనేళ్ళే. ఒక కుర్రాడు రెండో హత్య నేనే చేశానని ఒప్పేసుకున్నాడు కూడా. డీఎన్ఏ చూస్తే వాడు కాదని తేలింది, పైగా రెండూ చేసింది ఒక్కడే. తర్వాత ఊళ్ళల్లో వేలమంది మగాళ్ళ రక్తం తీశారు, అసలు హంతకుడు పిచ్‌ఫోర్క్ అనేవాడు తన బదులు ఇంకొకణ్ణి పంపించాడు, ఆ మాట పబ్బులో బయటికొచ్చి 1987లో దొరికాడు. తప్పు మనిషి జైలుకి పోకుండా ఆపింది ఆ పరీక్షే, నాకు అన్నిటికన్నా పెద్ద విషయం అది.

తణుకు శ్రీను:
ఆయ్, అర్థమైందండి. మరి ఇంట్లో అనుమానం వస్తే ఏం చెయ్యాలి?

కాకినాడ ల్యాబ్:
దహనానికి ముందే స్టేషన్లో రాసివ్వండి, పోస్ట్‌మార్టం అడగండి. తిన్న పొట్లం, తాగిన గ్లాసు కడక్కండి, ముట్టుకోకుండా పోలీసులకి చూపించండి. ఫోన్లో ఏదీ చెరపొద్దు.