పేరు రాయకపోతే సరిపోతుందా?

పూలరథం (చర్చ మొదలుపెట్టింది):
మా అత్తగారికి మతిమరుపు జబ్బు వచ్చి మూడేళ్లయింది. చూసుకునేది నేనే. ఆ రోజులు ఎలా గడుస్తున్నాయో నెట్‌లో రాస్తుంటాను, చాలామంది చదువుతారు. ఆవిడ రాత్రి రెండింటికి లేచి దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతూ తెల్లారేదాకా కూర్చోవడం రాశాను. పక్క తడిపేసుకోవడం కూడా రాశాను. ఎక్కడా పేరు లేదు, ఫొటో లేదు. మా ఆడపడుచు అది చదివి ‘మా అమ్మ పరువు తీశావు’ అని ఫోన్‌లో కేకలేసింది. నా జీవితం గురించి నేను రాసుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

గోరువంక:
పేరు లేనప్పుడు తప్పేముంది అక్కా? రాయండి.

రెండోతీరం:
‘మా అత్తగారు’ అని రాశాక పేరుతో పనేముంది? మీరెవరో తెలిసిన ప్రతివాళ్లకీ ఆవిడెవరో తెలుసు. చుట్టాలకి, పక్కింటివాళ్లకి, ఒకప్పుడు ఆవిడతో కలిసి పనిచేసినవాళ్లకి. మనిషి సిగ్గుతో చచ్చిపోయేది వాళ్ల ముందే కదండీ, ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు కాదు.

పూలరథం:
నా రాతలు చదివేది ఎక్కువగా ఆ ముక్కూమొహం తెలియనివాళ్లే. మా చుట్టాలెవరూ చదవరు.

రెండోతీరం:
ఆడపడుచు చదివిందన్నారుగా.

సాక్ష్యం:
దీని మీద పాత కేసొకటి ఉంది. స్వీడన్‌లో చర్చిలో స్వచ్ఛందంగా పనిచేసే ఒకావిడ తన సొంత వెబ్ పేజీలో తోటివాళ్ల గురించి సరదాగా రాసింది. ఒకామె కాలికి దెబ్బ తగిలి సగం పూటే పనికి వస్తోందని కూడా రాసింది. తోటివాళ్లకి నచ్చలేదని తెలియగానే తీసేసింది, అయినా జరిమానా పడింది. కేసు యూరప్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఎంతమందైనా చూడగలిగే చోట పెట్టాక అది సొంత వ్యవహారం కిందికి రాదని, కాలి దెబ్బ సంగతి కూడా ఆరోగ్య సమాచారమేనని 2003లో ఆ కోర్టు తేల్చింది.

గోరువంక:
ఆవిడ పేర్లు రాసింది కాబట్టి ఇరుక్కుంది. పేరు రాయకపోతే కేసే లేదు.

సాక్ష్యం:
కొందరివి మొదటి పేర్లు మాత్రమే రాసిందండీ. పేరుతో గానీ ఇంకో రకంగా గానీ మనిషిని గుర్తుపట్టేలా ఉంటే చాలని కోర్టు చెప్పింది.

గోరువంక:
అదే అంటున్నా, మొదటి పేరైనా పేరే కదా.

పూలరథం:
నేనేం నేరం చేశానని కోర్టుల దాకా లాగుతున్నారు? రాసిన ప్రతి అక్షరం నిజం. ఆ పక్క మార్చింది నేను, ఆ దుప్పట్లు ఉతికింది నేను.

రెండోతీరం:
నిజమే కాబట్టే నొప్పి. నా సంగతి చెబుతాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు మాట తడబడేది. మా అమ్మ ఎంతో ప్రేమగా, నేను ఏ అక్షరం దగ్గర ఆగిపోతానో, ఆగినప్పుడు కళ్లెలా మూసుకుంటానో పూసగుచ్చినట్టు రాసి నెట్‌లో పెట్టింది. పేరు లేదు, ‘మా బుజ్జిది’ అంతే. పదో తరగతిలో ఒకమ్మాయికి అది దొరికింది. క్లాసులో నేను లేచి నిలబడగానే వెనక బెంచీవాళ్లంతా కళ్లు మూసుకునేవాళ్లు. అమ్మ తీసేసింది, కానీ అప్పటికే కాపీలు తిరిగాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివి 1996 నుంచి పేజీలు దాస్తూనే ఉన్నాయి, తీసేస్తే పోతుందనుకోవద్దు. అమ్మ కూడా ‘నా బిడ్డ, నా జీవితం’ అనే అంది.

మౌనిక_77:
చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పూలరథం:
మీకు జరిగినదానికి బాధగానే ఉంది. కానీ నా బాధ మీకెవరికీ పట్టలేదు. మూడేళ్లలో ఆ ఆడపడుచు వచ్చింది రెండుసార్లు. ఒక్క రాత్రి ఉండవమ్మా, నేను నిద్రపోతాను అంటే పిల్లల పరీక్షలంది. ఇంట్లో చెబితే ‘అందరూ చేసేదేగా’ అన్నారు. రాస్తేనే ఎవరో ఒకరు ‘మీరు తిన్నారా’ అని అడిగారు. ఇప్పుడు అదీ మానెయ్యమంటే నేనెక్కడ చెప్పుకోను?

రెండోతీరం:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే మనం ఇంతసేపు పేరు గురించి కొట్టుకునేవాళ్లం కాదు. మానెయ్యమని నేననలేదు. మీ నిద్ర, మీ నడుము, మీ కోపం, ఆడపడుచు రాకపోవడం, ఇవన్నీ మీవి, రాయండి. ఆవిడ కావాలంటే మీకు జవాబు చెప్పుకోగలదు. అత్తగారు చెప్పుకోలేరు. అది రాయొద్దు అనే తెలివి కూడా ఆవిడకి ఇప్పుడు లేదు. తడిసిన పక్క ఆవిడది.

పూలరథం:
దాని గురించి రాయకపోతే నేను చేసేదేమిటో ఎవరికి తెలుస్తుంది?

సాక్ష్యం:
‘రాత్రికి మూడుసార్లు లేస్తున్నాను’ అంటే చాలదా?

గోరువంక:
ఇంతకీ పేరు రాయలేదు కదా, నాకిప్పటికీ అర్థం కాలేదు.

పూలరథం:
మధ్యాహ్నం ఆవిడకి అన్నం తినిపిస్తుంటే నా వేలు పట్టుకుని ‘ఎవరమ్మా నువ్వు, బాగా చూస్తున్నావు’ అన్నారు. ఇప్పుడే పక్క సంగతి ఉన్న పేరా తీసేశాను. దుప్పటి మడతల సంగతి ఉంచాను, అది చదువుతుంటే ఆవిడ మీద నాకే ప్రేమ పుడుతుంది. ఆడపడుచు గురించి మాత్రం రేపు రాస్తాను, ముందు ఆవిడకే పంపి మరీ రాస్తాను.

రెండోతీరం:
దానికి నాకు అభ్యంతరం లేదు. మీరు తిన్నారా?