కార్తీక దీపాల వెనుక దీపశిఖల బొకె: నా కాగితపు కత్తిరింపు ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మహేంద్రతనయ నది ఒడ్డున మేము అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం. మా ఒడియా ఇరుగుపొరుగువారు బొయిత బందాణ అంటూ చిన్న పడవలు వదులుతారు. ప్రమిద పట్టుకున్న మా అమ్మ స్పష్టంగా, ఆమె వెనుక నీటిమీది వెలుగులు దీపశిఖ ఆకారంలో మసకగా (ఈ మసక వెలుగులనే బొకె అంటారు) కనిపించే ఫొటో ఒకటి తీయాలని నా కోరిక. అందుకోసం నల్లని అట్టలో 20 మి.మీ. ఎత్తు, 14 మి.మీ. వెడల్పుతో శిఖ ఆకారం కత్తిరించి, కెమెరాతో పాటు వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్సు ముందు బిగించి, 55 మి.మీ. దగ్గర, అపర్చర్ (లెన్సులో కాంతి ద్వారం) ఎఫ్/5.6తో మేడమీద సీరియల్ బల్బులను తీశాను. అమ్మను మీటరు దూరంలో కూర్చోబెట్టాను. మధ్యలోని వెలుగులు చిన్న గుండ్రని చుక్కలుగానే వచ్చాయి, అంచుల్లోనివి తెగినట్టున్నాయి. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

జవాబు (బరంపురం నుంచి)

అట్టలో లోపమేమీ లేదండీ, రంధ్రం పెద్దదైంది. మసకబారిన వెలుగుచుక్క ఏ ఆకారంలో పడాలో నిర్ణయించేది కాంతి లోపలికి వెళ్లే దారిలో అన్నిటికన్నా ఇరుకైన ద్వారం. మీ లెన్సులో ఆ ద్వారం వ్యాసం 55ను 5.6తో భాగిస్తే వచ్చేది, అంటే 10 మి.మీ. కన్నా కాస్త తక్కువ. మీ శిఖ దానికన్నా వెడల్పుగా ఉంది కనుక గుండ్రని అపర్చరే గెలిచింది. అంచుల నుంచి వచ్చే కాంతి మాత్రం ఏటవాలుగా ప్రవేశిస్తూ అట్టకు తగులుతుంది, అందుకే అక్కడివి తెగాయి. అట్టను ముందు గాజుకు వీలైనంత దగ్గరగా, తాకకుండా అమర్చితే ఆ తెగడం తగ్గుతుంది.

8 మి.మీ. ఎత్తు, 5 మి.మీ. వెడల్పుతో మళ్లీ కత్తిరించండి. అయితే మీటరు దూరంలో ఆ శిఖ ఫొటో ఎత్తులో ముప్పయ్యో వంతుకు మించదు. అదే 30 సెం.మీ. దూరానికి జరిగితే దాదాపు ఎనిమిదో వంతు అవుతుంది. కాబట్టి ఈ లెన్సుతో అమ్మగారి ముఖం ఆశించకుండా, చేతులు, ప్రమిద మాత్రమే తీయండి. నిజానికి నాకు ఆ ఫొటోయే ఎక్కువ నచ్చుతుంది. ముఖం తప్పక కావాలంటే 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. దాని ద్వారం 28 మి.మీ. దాకా ఉంటుంది కనుక మీ పాత అట్టే సరిపోతుంది.

చిన్న రంధ్రంతో వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200, షట్టర్ 1/60 సెకను దగ్గర మొదలుపెట్టి, ఫోకస్ కూడా చేత్తోనే సరిచేసుకోండి.

జవాబు (రాయగడ నుంచి)

పై జవాబుకు ఒక మాట చేర్చుతాను. ఫోకస్ చేసిన వస్తువుకు వెనుక ఉన్న దీపాల్లో ఆకారం, కెమెరా వెనుక నిలబడిన మీకు అట్టలో ఎలా కనిపిస్తుందో అలాగే నిటారుగా వస్తుంది. వస్తువుకూ కెమెరాకూ మధ్య ఉన్న దీపాల్లో మాత్రం తలకిందులవుతుంది. కిందికి వేలాడే శిఖ కంటికి బాగుండదు, కాబట్టి ప్రమిదకు ముందు దీపమేదీ లేకుండా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారి సమాధానం

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి 8 మి.మీ. రంధ్రంతో, అమ్మ చేతులకు జానెడున్నర దూరంలో కూర్చుని తీస్తే, పిట్టగోడ మీది బల్బులన్నీ శిఖలై నిలిచాయి. ముందు పెట్టిన ఒక్క బల్బు మీరు చెప్పినట్టే తలకిందులైంది. పౌర్ణమి నాడు రేవులో చివరి మెట్టు మీదే కూర్చుంటాం, అప్పుడు మా ముందు నీళ్లూ దీపాలూ తప్ప మరేమీ ఉండవు.